అండమాన్ కందకం అడుగున సర్వే రాళ్లు నాటండి: భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖకు, సముద్ర పరిశోధన సంస్థలకు బహిరంగ లేఖ

మాన్యులైన కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ కార్యదర్శి గారికి, హైదరాబాదులోని ఇన్‌కాయిస్ (భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం), ఎన్‌జీఆర్ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) సంచాలకులకు, చెన్నైలోని ఎన్ఐఓటీ (జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ) సంచాలకులకు గుంటూరు నుంచి ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు నమస్కారాలతో రాస్తున్న లేఖ ఇది.

అడగదలచినది ముందే చెబుతాను. అండమాన్ నికోబార్ దీవులకు పడమరగా, భారతదేశాన్ని మోస్తున్న భూమి పైపెంకు ముక్క, అంటే భారత పలక, తూర్పు పక్క పలక కిందికి దూరిపోయే సముద్రగర్భ కందకానికి అటూ ఇటూ, సముద్రం అడుగునే శాశ్వతమైన సర్వే కేంద్రాలు నెలకొల్పండి. ఏడాదికొకసారైనా ఓడ వెళ్లి వాటి స్థానాన్ని సెంటీమీటర్ల లెక్కన కొలిచే ఏర్పాటు చేయండి. ఆ కొలత మూడేళ్లకు ముగిసిపోయే ప్రాజెక్టులా కాక, మండల కేంద్రాల్లో వాన కొలిచినట్టు ఏటేటా సాగాలి. వచ్చిన అంకెలను చదవగలిగినవారందరికీ అందుబాటులో ఉంచాలి.

గుంటూరు మనిషికి అండమాన్ కందకంతో పనేమిటని ఎవరైనా అడగవచ్చు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగి, బాపట్ల, రేపల్లె కొత్త జిల్లాలోకి వెళ్లిపోయాక, మా గుంటూరు జిల్లాకు సముద్రమే లేకుండా పోయిన మాట నిజం. కానీ జిల్లా హద్దు మారినంత మాత్రాన సూర్యలంక, నిజాంపట్నం మాకు దూరం కాలేదు. మా బంధువులు అక్కడ ఉన్నారు, మా పిల్లలు కార్తీకమాసంలో స్నానాలకు వెళ్లేది అక్కడికే, మా ఊరి బజారుకు చేప వచ్చేది ఆ రేవుల నుంచే.

2004 డిసెంబరు 26, ఆదివారం, పౌర్ణమి. తెల్లవారి ఆరున్నర ప్రాంతంలో మంచం కదిలినట్టయి లేచి కూర్చున్నాను. ఇంట్లో ఎవరూ నమ్మలేదు. తొమ్మిది దాటాక నిజాంపట్నం నుంచి మా పినతండ్రి కుమారుడు ఫోను చేసి, రేవులో నీళ్లు ఉన్నట్టుండి వెనక్కి పోయి మళ్లీ విరుచుకుపడ్డాయనీ, పడవలు మోకులు తెంచుకొని ఒకదానినొకటి కొట్టుకున్నాయనీ చెప్పాడు. ఆటుపోట్లు చూస్తూ పుట్టి పెరిగిన వాడికి అది పోటూ కాదు పాటూ కాదని తెలిసింది, మరి ఏమిటో తెలియలేదు. అవతల కృష్ణా జిల్లాలో పౌర్ణమి స్నానాలకని మంగినపూడి తీరానికి వెళ్లినవారిలో కొందరు తిరిగి రాలేదు. రాష్ట్రం మొత్తం మీద వందమందికి పైగా చనిపోయారు. సుమత్రా దగ్గర నేల విరిగిన క్షణం నుంచి మన తీరానికి అల చేరేందుకు దాదాపు రెండున్నర గంటలు పట్టింది. ఆ రెండున్నర గంటలూ కబురు మోసేవారు లేక వృథా అయ్యాయి.

ఆ లోటును మీరు తీర్చారు. 2007 అక్టోబరు నుంచి హైదరాబాదులో సునామీ హెచ్చరిక కేంద్రం రాత్రింబగళ్లు పనిచేస్తోంది, హిందూ మహాసముద్రపు ఇతర దేశాలకు కూడా సమాచారం అందిస్తోంది. 2012 ఏప్రిల్ 11న సుమత్రాకు పడమర 8.6 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు ఆ కేంద్రం హెచ్చరిక ఇవ్వడం, సముద్రంలోని పీడన పరికరాల లెక్కలు చూశాక దాన్ని ఉపసంహరించుకోవడం మా అందరికీ గుర్తుంది. అంత పెద్ద భూకంపానికి పెద్ద అల ఎందుకు లేవలేదని నా పూర్వ విద్యార్థులు ఫోను చేసి అడిగారు. ఆ రోజు పగులుకు రెండు వైపుల నేల ఒకదాని పక్కగా మరొకటి జారింది, నిలువుగా లేచింది చాలా తక్కువ. మీద ఉన్న నీటిని ఎత్తి కుదిపితేనే సునామీ పుడుతుంది. అంటే తీవ్రత అంకె ఒక్కటే చాలదు, సముద్రం అడుగు ఎక్కడ ఎంత లేచింది, ఎంత కుంగింది, ఎటు జరిగింది అన్నదే అసలు ప్రశ్న. ఆ ప్రశ్నను భూకంపం వచ్చాక మాత్రమే అడుగుతున్నాం. రాకముందు, పలకలు బిగుసుకొని వంగుతున్న దశాబ్దాలలో కూడా అడగాలన్నదే నా విన్నపం.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన తర్వాత ఈ తీరానికి తుపానుల విషయంలో కొంత బుద్ధి వచ్చింది. ఇప్పుడు అల్పపీడనం పుట్టిన నాటి నుంచి వాయుగుండమై, తుపానై తీరం దాటే వరకు దాని ప్రతి అడుగూ కొలుస్తున్నారు. సునామీ విషయంలో మనం ఇంకా తుపాను తీరం దాటాక మేలుకొనే స్థితిలోనే ఉన్నాం. భూకంపం ఏ తేదీన వస్తుందో చెప్పమని నేను అడగడం లేదు. ఆ విద్య ఎవరికీ లేదు, ఉందని చెప్పేవారిని నమ్మవద్దని నలభై ఏళ్లు తరగతి గదిలో చెప్పినవాణ్ణి. ఏ భాగంలో పట్టు బిగిసి ఉంది, ఏ భాగం చప్పుడు లేకుండా జారుతోంది, ఏడాదికి ఎంత ఒత్తిడి పోగుపడుతోంది అన్నవి మాత్రం కొలిస్తే తెలిసేవే.

ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీవుల మీద జీపీఎస్ కేంద్రాలు ఉన్నాయి కదా, అవి చాలవా అన్న మాట నేను పలుమార్లు విన్నాను.

కిందికి దిగే పలకకూ మీద ఉన్న పలకకూ మధ్య రాపిడి వల్ల పట్టు పడినప్పుడు, కింది పలక మీది పలక అంచును తనతో పాటు ఈడ్చుకుపోతుంది. అంచు ముడుచుకొని కిందికి వంగుతుంది, దాని వెనుక నేల కొద్దికొద్దిగా ఉబ్బుతుంది. వెదురు బద్దను వంచి పట్టుకున్నట్టు. 1906 శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపం తర్వాత సర్వే లెక్కలు చూసి హ్యారీ రీడ్ 1910లో చెప్పిన సిద్ధాంతం ఇదే. పట్టు తప్పిన రోజు అంచు ముందుకు దూకి పైకి లేస్తుంది, వెనుక ఉబ్బిన నేల కుంగిపోతుంది. 2004లో జరిగింది అక్షరాలా అదే. సుమారు 1,300 కిలోమీటర్ల పొడవున పలకల సరిహద్దు తెగింది. గ్రేట్ నికోబార్ కొనన ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా కుంగి, అక్కడి దీపస్తంభం మొదలు నీళ్లలోకి వెళ్లింది. ఉత్తర, మధ్య అండమాన్ జిల్లాలోని ఇంటర్వ్యూ ద్వీపం దగ్గర పగడపు దిబ్బలు నీళ్లలోంచి పైకి తేలి ఎండిపోయాయి. ఎన్‌జీఆర్ఐ శాస్త్రవేత్తలు భూకంపానికి ముందే దీవుల్లో కొన్ని చోట్ల జీపీఎస్ కొలతలు తీసి ఉంచినందువల్ల, తర్వాత వెళ్లి చూసినప్పుడు ఆ స్థలాలు నైరుతి దిశగా ఒకటిన్నర మీటరు నుంచి ఆరు మీటర్లకు పైగా జరిగినట్టు లెక్క తేలింది. ముందు కొలత లేకపోతే తర్వాతి కొలతకు అర్థం లేదని దీనికంటే గట్టిగా చెప్పే ఉదాహరణ మన దేశంలో మరొకటి లేదు. ఆ ముందుచూపు చూపిన వారికి ఈ లేఖ ద్వారా నా నమస్కారం.

అయితే దీవులకూ కందకానికీ నడుమ దాదాపు వంద కిలోమీటర్ల సముద్రం ఉంది. పలకల మధ్య పట్టు కందకానికి దగ్గరగా, సముద్రం అడుగుకు కొద్ది లోతులోనే ఉంటే, దాని వల్ల కలిగే వంపు అక్కడే, ఆ నీళ్ల కిందే ఉంటుంది, దీవుల దాకా రాదు. కందకం దగ్గరి భాగం పూర్తిగా బిగిసి ఉందనుకున్నా, పూర్తిగా జారిపోతోందనుకున్నా, పోర్ట్ బ్లెయిర్‌లో, ఇప్పటి పేరుతో శ్రీ విజయపురంలో, పెట్టిన పరికరం దాదాపు ఒకే అంకె చూపుతుంది. పరికరం ఎంత ఖరీదైనదైనా, ఎంత సున్నితమైనదైనా ఈ చిక్కు తీరదు. అది చూసే చోటే తప్పు. పెద్ద సునామీని పుట్టించేది మాత్రం సరిగ్గా ఆ కనిపించని భాగమే.

జపాన్ వారి అనుభవం ఇందుకు సాక్ష్యం. 2011 మార్చి 11 నాటికి వారి నేల మీద 1,200కు పైగా జీపీఎస్ కేంద్రాలు నిరంతరం పనిచేస్తున్నాయి, ప్రపంచంలో అంతటి వల మరెక్కడా లేదు. ఆ రోజు భూకంపానికి తీరాన ఉన్న ఓషికా ద్వీపకల్పం 5.3 మీటర్లు తూర్పుకు జరిగి, 1.2 మీటర్లు కుంగింది. నేల మీద దొరికిన అత్యధిక కదలిక అదే. అదృష్టవశాత్తు ఆ దేశపు తీర రక్షక దళమూ, తొహోకు విశ్వవిద్యాలయమూ అంతకు కొన్నేళ్ల ముందే సముద్రం అడుగున కొన్ని కేంద్రాలు పెట్టి ఉంచాయి. ఓడలు వెళ్లి కొలిస్తే ఒకచోట 24 మీటర్లు, మరొకచోట 31 మీటర్లు కదిలినట్టు తేలింది. జపాన్ సముద్ర పరిశోధన సంస్థ జామ్‌స్టెక్ పాత, కొత్త సముద్రగర్భ పటాలను పోల్చి చూసి, కందకం అంచున నేల దాదాపు 50 మీటర్లు ముందుకు వచ్చిందని చెప్పింది. ఐదు మీటర్లెక్కడ, యాభై మీటర్లెక్కడ! తీరం నుంచి కందకానికి ఉన్న రెండు వందల కిలోమీటర్ల దూరంలో అసలు కథంతా జరిగిపోయింది. కందకం దగ్గర అంత పట్టు ఉండదని, జారినా కొద్దిగానే జారుతుందని అంతకు ముందు చాలామంది శాస్త్రవేత్తలు అనుకునేవారు. 18 వేలకు పైగా మంది చనిపోయారు లేదా గల్లంతయ్యారు.

మరో సంగతి కూడా ఆ కేంద్రాల వల్లే తెలిసింది. భూకంపం తర్వాత నెలలు, సంవత్సరాల తరబడి జపాన్ నేల మీది కేంద్రాలు సముద్రం వైపే కదులుతూ ఉంటే, కందకం దగ్గరి సముద్రగర్భ కేంద్రాలు కొన్ని అందుకు ఎదురుగా, తీరం వైపు కదిలాయి. పలకల కింద ఉన్న వేడి రాతిపొర, మాంటిల్, మెల్లగా పాకుతూ సర్దుకోవడమే అందుకు కారణం. నేల మీది లెక్కలు మాత్రమే ఉంటే ఆ పాకుడు కూడా పగులు జారుడు ఖాతాలోనే జమ అయ్యేది. 2004 తర్వాత అండమాన్ దీవుల కదలికలను చదివేటప్పుడు మనకూ ఇదే చిక్కు ఉంటుంది. పెరూ తీరంలో 2005 నాటికే ఇలాంటి కొలతలు ప్రకటించారు. జపాన్ నైరుతి భాగానికి ఎదురుగా ఉన్న నాంకై కందకం వెంట 15 కేంద్రాల కొలతలతో పట్టు ఎక్కడ ఎంత ఉందో జపాన్ తీర రక్షక దళం 2016లో పటం గీసి చూపింది. అటువంటి పటం బంగాళాఖాతానికి తూర్పు అంచున మనకు కావాలి.

పని ఎలా జరుగుతుందో ఈ లేఖ చదివే సామాన్య పాఠకుల కోసం చెబుతాను. మీకు తెలిసిన విషయమే, మన్నించాలి. మా ప్రాంతంలో పొలాల రీసర్వే జరిగినప్పుడు రోవర్ అనే ఉపగ్రహ సర్వే పరికరం పట్టుకొని వచ్చిన సర్వేయరు గట్టు ఎక్కడుందో సెంటీమీటర్లలో చెప్పాడు. ఉపగ్రహాల నుంచి వచ్చే ఆ రేడియో తరంగాలు ఉప్పునీటిలో పోలేవు. నీటిలో దూరం పోగలిగేది ధ్వని. అందుకని సముద్రం అడుగున మూడు నాలుగు ట్రాన్స్‌పాండర్లను వలయంగా దించుతారు. ఓడ తన స్థానాన్ని జీపీఎస్‌తో తెలుసుకుంటూ, కిందికి ఒక ధ్వని సంకేతం పంపుతుంది, ట్రాన్స్‌పాండర్ బదులు పలుకుతుంది. వెళ్లి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి దూరం తెలుస్తుంది. మూడు వేల మీటర్ల లోతుకు రానుపోను నాలుగు సెకన్లు. ఒక సెంటీమీటరు తేడా పట్టుకోవాలంటే ఆ నాలుగు సెకన్లలో సుమారు 13 మైక్రోసెకన్లను లెక్కించాలి. అమెరికాలోని స్క్రిప్స్ సంస్థలో ఫ్రెడ్ స్పీస్ 1980లలో ఈ పద్ధతికి రూపమిచ్చారు.

కాలాన్ని కొలవడం కష్టమైన పని కాదు, గడియారాలు మంచివే ఉన్నాయి. కష్టమంతా నీటితో. ధ్వని సెకనుకు దాదాపు 1,500 మీటర్లు పోతుందని పాఠ్యపుస్తకంలో రాసుకుంటాం కానీ, నీటి వేడి ఒక డిగ్రీ మారితేనే ఆ వేగం కొన్ని మీటర్లు మారుతుంది, ఉప్పు మారినా మారుతుంది. స్పీస్ ఇందుకు చక్కటి ఉపాయం చెప్పారు. ఓడను ట్రాన్స్‌పాండర్ల వలయానికి నడిబొడ్డున నిలిపి కొలిస్తే, నీటి పొరలు అడ్డంగా సమంగా ఉన్నంతవరకు ధ్వని వేగంలో తప్పు అన్ని దిక్కులకూ ఒకేలా పడి, అడ్డదిశ స్థానంలో చాలావరకు రద్దయిపోతుంది. నిలువు కొలత మాత్రం అంత బాగా రాదు. అండమాన్ ప్రాంతంలో ఈ ఉపాయానికి ఒక పరీక్ష ఉంది. గంగ, బ్రహ్మపుత్ర, ఇరావతి, మన కృష్ణా గోదావరులు పోసే మంచినీరు వానాకాలం తర్వాత బంగాళాఖాతం మీద పలచని పొరలా పరుచుకుంటుంది. అండమాన్ సముద్రంలో నీటి లోపలే పుట్టే పెద్ద అంతర్గత అలలు పొరలను వంకరలు తిప్పుతాయి. పొరలు సమంగా ఉంటాయన్న నమ్మకం అక్కడ తరచు తప్పుతుంది. కానీ ఆ నీటి పొరల వేడిని, ఉప్పును ఏళ్ల తరబడి ఆర్గో తేలుడు పరికరాలతో కొలుస్తున్నది ఇన్‌కాయిస్ వారే. నేలను కొలిచే శాస్త్రవేత్తకు కావలసిన సమాచారం నీటిని కొలిచే శాస్త్రవేత్త దగ్గర, అదీ ఒకే నగరంలో, ఉంది. ఈ రెండు వర్గాలను ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టడానికి పెద్ద ఖర్చు కాదు.

నిలువు కదలికకు సముద్రగర్భ పీడన మాపకాలు ఉన్నాయి. సునామీని పసిగట్టేందుకు సముద్రం మీద తేలేలా నిలిపిన బోయాల కింద మీరు పెడుతున్నవి ఆ జాతివే. నేల ఒక సెంటీమీటరు లేస్తే మీద నీటి మందం ఒక సెంటీమీటరు తగ్గి, పీడనం దాదాపు ఒక మిల్లీబారు పడిపోతుంది. సునామీ అల నిమిషాల్లో దాటిపోతుంది కాబట్టి దాన్ని పట్టడం తేలిక. ఏళ్ల మీద జరిగే కదలికను పట్టాలంటే చిక్కు వస్తుంది, ఎందుకంటే పరికరమే ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల మేర తనంతట తాను తప్పు చూపడం మొదలుపెడుతుంది. మా మిర్చి యార్డులో బస్తా ఎత్తే ముందు రైతు కాటా సున్నా దగ్గర ఉందో లేదో చూసుకుంటాడు. రోజంతా బరువు మీదే ఉంచిన కాటాను ఎవరూ నమ్మరు. సముద్రం అడుగున ఆ పరికరం మీద మామూలు గాలి పీడనానికి వందల రెట్ల బరువు ఏళ్ల తరబడి ఉంటుంది. ఇప్పుడు పరికరాన్ని అప్పుడప్పుడు నీటి పీడనం నుంచి తప్పించి, తన పెట్టె లోపలి గాలి పీడనానికి కలిపి, సున్నా సరిచూసుకొని మళ్లీ నీటికి కలిపే పద్ధతి వచ్చింది. కొత్తగా కొనే పరికరాలన్నీ అటువంటివే కొనాలని కోరుతున్నాను.

ఇవి చూపగలిగిన వింత ఒకటి చెప్పకుండా ఉండలేను. న్యూజీలాండ్‌కు తూర్పున హికురంగి కందకం దగ్గర 2014లో పీడన మాపకాలు దించి ఉంచితే, ఆ ఏడాది సెప్టెంబరు, అక్టోబరులలో భూకంపం ఏదీ లేకుండానే సముద్రం అడుగు కొన్ని వారాలలో ఒకటిన్నర నుంచి ఐదున్నర సెంటీమీటర్ల దాకా లేచింది. పలకలు చప్పుడు చేయకుండా కందకానికి అతి దగ్గర వరకు జారాయన్నమాట. అదే ప్రాంతంలో 1947లో చిన్నగా కుదిపి పెద్ద అలను పంపిన సునామీ భూకంపం వచ్చింది. నెమ్మదిగా జారే చోటే ఒక్కోసారి వేగంగానూ జారగలదని దీని వల్ల అర్థమవుతుంది. 2010 అక్టోబరు 25న సుమత్రా దగ్గర మెంతావాయ్ దీవులలో వచ్చింది కూడా అటువంటిదే. కుదుపు గట్టిగా లేకపోవడంతో జనం ఇళ్లలోనే ఉండిపోయారు, అల వచ్చి నాలుగు వందల మందికి పైగా బలి తీసుకుంది. భూమి గట్టిగా ఊగితే ఎత్తైన చోటికి పరుగెత్తండని మనం తీరగ్రామాల్లో చెబుతున్న పాఠం అక్కడ అక్కరకు రాలేదు. నికోబార్ వాసులకు అల చేరేది నిమిషాల్లో. వారికి మన రెండున్నర గంటలు లేవు.

మన సరిహద్దుకు మరో ప్రత్యేకత ఉంది. హిమాలయాల నుంచి నదులు మోసుకొచ్చిన మట్టి బంగాళాఖాతం అడుగున వేల కిలోమీటర్లు పరుచుకొని, సుమత్రా కందకం దగ్గర నాలుగైదు కిలోమీటర్ల మందాన పేరుకుంది. 2016లో అక్కడ తవ్విన అంతర్జాతీయ శాస్త్ర బృందం, ఆ మట్టి కిందికి దిగకముందే వేడెక్కి, దానిలోని ఖనిజాల నీరు పోయి గట్టిపడిందనీ, అందువల్ల కందకం దగ్గరి దాకా పట్టు బలంగా ఉండి పెద్ద జారుడుకు వీలు కలిగిందనీ వాదించింది. ఉత్తరాన అండమాన్, మయన్మార్ పడమటి తీరమైన అరకాన్‌ల వైపు పోయేకొద్దీ మట్టి మరింత మందం. అరకాన్ తీరాన్ని 1762లో పెద్ద భూకంపం కుదిపింది. కార్ నికోబార్ దగ్గర 1881 డిసెంబరు 31న వచ్చిన భూకంపపు అలను మద్రాసు ఆటుపోటు మాపకం కూడా రాసిపెట్టుకుంది. 1941 జూన్‌లో అండమాన్‌లో మరొకటి వచ్చింది. 2004లో తెగిన భాగాలు మళ్లీ ఎంత బిగిశాయన్నది, దానికి ఉత్తరాన ఏం జరుగుతున్నదన్నది దీవుల మీద నిలబడి చెప్పగలిగేవి కావు.

డబ్బు, ఓడలు, మనుషులు అన్న ప్రశ్న వస్తుంది. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన లోతైన సముద్ర మిషన్‌కు ఐదేళ్లకు 4,077 కోట్ల రూపాయలు కేటాయించారు. ఆరు వేల మీటర్ల లోతుకు ముగ్గురు మనుషులను పంపే వాహనాన్ని ఎన్ఐఓటీ తయారు చేస్తోంది. సాగర్ నిధి వంటి ఓడ ఉంది. ఆరు వేల మీటర్లకు మనిషిని దించగలిగిన వారికి అందులో సగం లోతుకు ట్రాన్స్‌పాండర్ దించడం లెక్కలోది కాదు. 2006లో గ్యాస్ హైడ్రేట్ల (మంచులాంటి గడ్డల్లో చిక్కుకున్న సహజవాయువు) కోసం మన కృష్ణా-గోదావరి బేసిన్‌లోనూ, అండమాన్ దగ్గరా సముద్రం అడుగును తవ్వించాం. 2015లో అదే పనికి జపాన్ వారి చిక్యూ ఓడను మన తీరానికి రప్పించాం. నాంకై కందకంలో బావులు తవ్వి, వాటిలో రాయి ఎంత సాగిందో, ఎంత నలిగిందో కొలిచే విరూపణ మాపకాలు అమర్చిన ఓడ కూడా ఆ చిక్యూయే. మచిలీపట్నానికి ఎదురుగా ఇంధన అన్వేషణ కోసం రాగలిగిన ఓడకు అండమాన్ దారి తెలియనిది కాదు.

2020 ఆగస్టులో ప్రారంభమైన చెన్నై-అండమాన్ సముద్రగర్భ కేబుల్, సుమారు 2,300 కిలోమీటర్లది, దీవులను చేరాలంటే ఈ పలకల సరిహద్దును దాటక తప్పదు. ఆప్టికల్ ఫైబర్‌లోకి లేజర్ కాంతిని పంపి, వెనక్కి చెదిరి వచ్చే కాంతిని బట్టి తీగ ఏ మీటరు దగ్గర ఎంత సాగిందో చదివే పద్ధతి ఇప్పుడు పలు దేశాల్లో వాడుకలో ఉంది. దీవుల వైపు గట్టు నుంచి కాంతి సంకేతాన్ని మళ్లీ బలపరిచే మొదటి రిపీటరు దాకానైనా ఆ తీగను వినవచ్చు. వేగంగా వచ్చే కంపనాలకు అది మేలైనదే గాని, ఏళ్ల మీద సాగే నెమ్మది కదలికకు సర్వే కేంద్రాలకు బదులుగా నిలవలేదు. ఒకటి ఉంది కాబట్టి రెండోది అక్కర్లేదన్న మాట దస్త్రంలోకి రాకూడదనే ముందుగా రాస్తున్నాను.

నా భయం సాంకేతికతను గురించి అసలే కాదు, మన దస్త్రాల తీరును గురించి. ఇన్‌కాయిస్, ఎన్ఐఓటీ ఒక మంత్రిత్వ శాఖ కిందివి. ఎన్‌జీఆర్ఐ శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలిది. సర్వే ఆఫ్ ఇండియా మరో శాఖది. కొలత మొదలుపెట్టేది ఒకరైతే కొనసాగించేది ఎవరో తెలియదు. పైగా ఒక్కో కొలతలో కొన్ని సెంటీమీటర్ల తప్పు ఉంటుంది, పలక కదిలేది కూడా ఏడాదికి కొన్ని సెంటీమీటర్లే. రెండేళ్ల అంకెలు చూసి ఏమీ తేలలేదని ప్రాజెక్టు మూసేస్తే, అది విత్తు నాటి మొలక రాకముందే తవ్వి చూడడమే అవుతుంది. ఐదారేళ్ల బిందువులు వరుసలో పడ్డాకనే గీత వాలు నమ్మదగినదవుతుంది. పట్టు కాలంతో మారుతుందో లేదో చెప్పడానికి ఇంకా ఎక్కువ కాలం కావాలి. పదిహేనేళ్ల పాటు నిధులు ఆగవని మొదటి ఉత్తర్వులోనే రాయాలి. బాధ్యత ఒకే సంస్థకు, పేరు పెట్టి, అప్పగించాలి.

వంద కేంద్రాలు అడగడం లేదు. కందకానికి అడ్డంగా ఒక వరుసలో మూడింటితో మొదలుపెట్టవచ్చు. పడమర పక్కన, ఇంకా కిందికి దిగని భారత పలక మీద ఒకటి ఉండాలి, అది లేకపోతే పలకలు దగ్గరయ్యే వేగమే సరిగా తెలియదు. కందకం అంచుకు వీలైనంత దగ్గరగా తూర్పు వాలు మీద ఒకటి, దానికీ దీవులకూ మధ్య ఒకటి. వరుస తూర్పు కొసన దీవి మీద ఇప్పటికే ఉన్న జీపీఎస్ కేంద్రం ఉంటుంది. ప్రతి కేంద్రం దగ్గరా ఒక పీడన మాపకం. ట్రాన్స్‌పాండర్ల బ్యాటరీలు ఏళ్ల తరబడి నిలుస్తాయి. అవి అయిపోక ముందే పక్కనే కొత్తవి దించి, రెండింటినీ కొన్నాళ్లు కలిపి కొలవాలి, లేకపోతే లెక్క తెగిపోతుంది. ఓడకు బదులు అల మీద తేలుతూ తనంతట తాను నడిచే పడవలతో కొలిచే పద్ధతి అమెరికాలో వాడుతున్నారు, అది వస్తే ఖర్చు ఇంకా దిగుతుంది.

సమాచారం దాచకండి. వ్యూహాత్మక ప్రాంతం కదా అన్న అభ్యంతరం నాకు తెలియనిది కాదు. ట్రాన్స్‌పాండర్ ఎక్కడుందో కచ్చితంగా చెప్పనక్కర్లేదు, అది ఏడాదిలో ఎటు ఎంత కదిలిందో చెబితే చాలు. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జియోఫిజిక్స్ చదివే పిల్లలు జపాన్ అంకెలతో పరిశోధనలు చేస్తున్నారు, మన కందకం అంకెలతో కూడా చేయగలగాలి.

ఇంకొక చిన్న మాట. సునామీ బోయాల కింద చేపలు చేరతాయని వాటికి పడవలు కట్టడం, తీగలు తెగడం మీకు తలనొప్పిగా ఉన్న విషయం తెలుసు. ఆ బోయా ఎందుకుందో నిజాంపట్నం, మచిలీపట్నం, కాకినాడ రేవుల్లో మరబోటు సరంగులకు తెలుగులో, ఎదురుగా కూర్చొని చెప్పినవారు చాలా తక్కువ. మా వంటి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు ఈ జిల్లాల్లో చాలామంది ఉన్నారు. పటాలు, చిన్న నమూనా పరికరం ఇస్తే మేమే వెళ్లి చెబుతాం, భత్యం అవసరం లేదు.

ఈశాన్య రుతుపవనాలు వెనుదిరిగాక ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా అండమాన్ దగ్గర సముద్రం నెమ్మదిగా ఉంటుంది. ఓడ ఒకే చోట గంటల తరబడి నిలవాల్సిన ఈ పనికి అదే అదను. ఓడల కార్యక్రమం అంతకు చాలా నెలల ముందే ఖరారవుతుంది గనుక, రాబోయే ఏడాది సాగర్ నిధి ప్రయాణాల పట్టికలో పది రోజులు ఈ మూడు కేంద్రాల స్థల పరిశీలనకు కేటాయించారా లేదా అన్న ఒక్క విషయానికి మీ నుంచి బహిరంగంగా జవాబు కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
గుంటూరు.